బీరువాలు వీధిన పడిన రోజు

ఉదయం ఏడింటికే సర్వేయరు తన సొంత వీధిలో పని మొదలుపెట్టాడు. మర్నాడు అక్కడికి పెద్ద తవ్వకం యంత్రం రాబోతోంది. దాని బరువును నేల ఆపుతుందో లేదో ఈలోగా తేల్చాలి. ఆ పని అతని దగ్గరున్న పెట్టెది. అడుగడుక్కీ భూమి ఆకర్షణ ఎంత మారుతోందో కొలిచి, కింద రాయి ఉందో, డొల్ల ఉందో తవ్వకుండానే చెబుతుంది. పదింటికల్లా పటం గీసిచ్చి ఓ కునుకు తీయాలనుకున్నాడు.

తన గేటు ముందే అంకె బాగా పడిపోయింది. ఆఫీసరుకు ఫోన్ చేశాడు.

"సార్, మా ఇంటి ముందు కింద డొల్లగా ఉన్నట్టుంది."

వరండాలో కూరలు తరుగుతున్న అత్తగారి చెవిన "మా ఇంటి", "డొల్ల" అన్న ముక్కలే పడ్డాయి.

"అమ్మాయ్! ఇల్లు కుంగిపోతోందిట. బరువులన్నీ బయటికి లాగు!"

"ఎవరన్నారమ్మా?"

"మీ ఆయనే. ఇన్నాళ్లకి ఒక పనికొచ్చే మాట చెప్పాడు, వినవే!"

ఇనప బీరువా వీధిలోకి వచ్చింది. అది చూసి ఎదురింటి దర్జీ రెండు కుట్టుమిషన్లు దించాడు. పక్కింటివాళ్లు ఫ్రిజ్జుతో ఆగక, తాతగారిని కూడా కుర్చీతో సహా మోసుకొచ్చారు.

"నా బరువెంతర్రా?" అని ఆయన నొచ్చుకున్నాడు. కాసేపటికి వీధి పొడుగునా బీరువాలే.

వీధి చివరిదాకా వెళ్లి సరిచూసుకుంటూ వెనక్కి వస్తున్న సర్వేయరు పెట్టె తెర మీంచి తల ఎత్తలేదు. "కాస్త జరగండి" అంటూ బీరువాల మధ్య పెట్టె పెట్టాడు. పక్కన తనకన్నా ఎత్తుగా నిలబడ్డ బరువు పైకి లాగినా, అంకె తగ్గి, ఆ పెట్టె కింద డొల్ల ఉన్నట్టే చూపిస్తుంది.

"సార్, వీధంతా డొల్లే!"

ఆఫీసరు జీపులో ఆదరాబాదరాగా వచ్చాడు.

"ఏమయ్యా, ఈ సామానేంటి?"

సర్వేయరు అప్పుడు తల ఎత్తి చూశాడు. చూసి, నాలుక కరుచుకున్నాడు.

"పెట్టెకి కళ్లు లేవు సరే, నీకేమైంది? ఆ అంకెలన్నీ కొట్టెయ్."

"గేటు దగ్గరిది బీరువా రాకముందు తీసింది సార్..."

"అదీ కొట్టెయ్!"

జనం నవ్వుకుంటూ సామాను లోపలికి మోసుకుపోయారు. అత్తగారు అల్లుడి వంక చూడనైనా చూడలేదు. అతనికి నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

ఆఫీసరు జీపు తిప్పుకోవడానికి గేటు దాకా వెనక్కి పోనిచ్చాడు. ఏదో పెళుక్కుమంది. వెనక చక్రాలు రెండూ నింపాదిగా నేలలోకి దిగిపోయాయి. ఎప్పుడో పలకలు కప్పి మరిచిపోయిన పాడుబావి అది.

"మా అల్లుడు పొద్దున్నే చెప్పాడు!" అని అత్తగారు వీధంతా వినిపించేలా అంది.

సాయంత్రం వెళ్లిన నివేదికలో, ఆ డొల్ల ఆఫీసరుగారి ప్రత్యక్ష పరిశీలనలో బయటపడిందని రాసి ఉంది.