నలభై నిమిషాల సెలవు

నాగరికత అంటే దూరాన్ని జయించడమే. మన సికింద్రాబాదు ఇంకొక అడుగు ముందుకు వేసి, విమానం అవసరం లేకుండానే దాన్ని జయించింది.

పోలీసు చర్య ముగిసిన మరుసటి ఏడాది మెట్టుగూడలో గగన దూర నిర్ణయ కచేరీ వెలిసింది. సైన్యం వాడుకుని వదిలేసిన విమాన మైదానాలు నిజాం సంస్థానం మూలమూలనా పడి ఉన్నాయి. వాటి మధ్య దూరమెంతో, ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో తేల్చడం ఆ కచేరీ పని. (వాటి మధ్య విమానాలు తిరుగుతాయా అన్నది వేరే కచేరీ పని. దాన్ని ఇంకా పెట్టలేదు.) మద్రాసు వైపు నుంచి వచ్చిన అధికారి భద్రయ్యగారు గోడ మీది పటానికి ఇత్తడి స్కేలు ఆనించి, ఉత్తరాన మొగిలిగడ్డ నుంచి దక్షిణాన రాళ్లమడుగుకు విమానంలో ప్రయాణం నలభై నిమిషాలని తేల్చారు. గుమాస్తా తుకారాం శుభ్రంగా టైపు చేశాడు.

వెనకే నిబంధన వచ్చింది. మైదానాల సిబ్బంది ఊరెళ్లడానికి ఇచ్చే సెలవు ప్రయాణ సమయాన్ని మించరాదు. ఎడ్లబండి లెక్కన ఇదివరకు వారం దొరికేది. ప్రగతి దాన్ని నలభై నిమిషాలకు దించింది.

దీని మొదటి లబ్ధిదారు షంషీర్, మొగిలిగడ్డ మైదానం కాపలాదారు. అంటే రన్‌వే మీద మేకలు మేయకుండా చూసేవాడు. అతని భార్య బానో పురిటికి రాళ్లమడుగులోని పుట్టింటికి వెళ్లింది. కాళ్లు వాచి, చూపు మసకబారిందని, మొగుణ్ణి వెంటనే పిలిపించమని మంత్రసాని కబురంపింది. సెలవు లేకుండా కదిలితే ఉద్యోగం పోతుంది. ఆ రోజుల్లో షంషీర్ అనే పేరున్నవాడికి పోయిన ఉద్యోగం మళ్లీ దొరకదు. అందుకని చిలకలగూడలో ఉండే అతని తల్లి సర్దార్ బీ కచేరీ మెట్లెక్కింది.

కచేరీ దయగలది. నలభై నిమిషాలూ అక్కడికక్కడే మంజూరు చేసింది.

"నలభై నిమిషాల్ల మేకలు సుత ఊరు దాటవు సారూ. గా విమానం ఏడుందో జెర చెప్పుండ్రి," అంది సర్దార్ బీ.

"విమానం లేదమ్మా. దూరం ఉంది," అన్నారు భద్రయ్యగారు ఓపికగా.

సెలవు పొడిగించాలంటే విమానం ఆలస్యమైందని పైలట్ సంతకం తేవాలని కూడా ఆయనే దారి చూపించారు. సర్దార్ బీ ఊరంతా వెతికింది. లాలాగూడలో రైలింజను నడిపే ఏసురత్నం జాలిపడి సంతకం పెట్టాడు. అతను నేల మీద నడుపుతాడన్న కారణంతో దాన్ని తోసిపుచ్చారు.

ఈలోపు షంషీర్ ఆగలేక బయల్దేరాడు. బండి, బస్సు, రైలు, మళ్లీ బండి. దారిలో వాగు పొంగి ఆపేసింది. అతను చేరేసరికి బానోను మట్టి చేసి వచ్చారు. పాప మాత్రం బతికింది.

ఇది రాస్తుంటే నాకు కడుపు మండుతోంది. కచేరీకి అలాంటి బాధలేవీ లేవు కనుక, సెలవు మించినందుకు షంషీర్ మీద విచారణ మొదలుపెట్టింది.

సర్దార్ బీ పసిగుడ్డును కొంగులో చుట్టుకుని వచ్చి నిలబడింది. "మీ కాయితం మీద నా కొడుకు ఎప్పుడో చేరిండు సారూ. గప్పటికి నా కోడలు బతికే ఉండె," అంది.

భద్రయ్యగారు లేచి, పటానికి స్కేలు మళ్లీ ఆనించి చూశారు. దూరంలో ఏ తప్పూ లేదని తేలింది.

ప్రయాణం నిదానంగా చేసినందుకు షంషీర్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు.