బ్రయర్ ఏకప్రహారవిజయము

దక్షిణధ్రువమున పుట్టి, దారిలో ఏ ఖండమునూ తాకక, ఏ కొండనూ లెక్కచేయక, తిన్నగా వచ్చి మనుష్యుల మెడకును కాలరుకును నడుమ దూరు శీతపవనమునకు జయము. ఆ పవనము ధాటికి తలుపులు బిగిసి, పెదవులు పగిలి, గిటారు తీగలు శ్రుతి తప్పు, దక్షిణసముద్రపు ద్వీపమందలి డనీడిన్ నగరమునకు జయము. ఆ నగరమునుండి సముద్రపుటొడ్డున ఒంపులు తిరుగుచు పోవు దారికిని, దారి చివరి రేవుపల్లెకును, అందు కొండవాలున ఒక ప్రక్కకు ఒరిగి నిలిచిన తగరపుకప్పు హాలునకును జయము. ఆ హాలు వెనుకనున్న వంటగది కిటికీకి ముమ్మారు జయము. ఏలయన ఈ కథ ఆ కిటికీ వద్దనే తేలవలసియున్నది.

అది జులై మాసము, అచట నడిచలికాలము; ఆదివారము, మధ్యాహ్నము. ఉన్నిటోపీలు కిరీటములుగా, అమ్మమ్మలు అల్లిన స్వెట్టర్లు కవచములుగా, టీ కప్పులు ఆయుధములుగా ధరించిన రసికజనము హాలున చేరి, ఉన్న ఒక్క హీటరు చుట్టును చక్రవ్యూహము పన్నియుండెను. ఆనాడు కచేరీ చేయు బ్యాండ్లు మూడు. అందు నడిమిది ‘తడిసిన స్వెట్టర్లు’ అను పేర జగద్విఖ్యాతి గాంచినది. జగత్తనగా రేవుపల్లె మొదలు విశ్వవిద్యాలయము వెనుక వీధి వరకు.

ఆ బ్యాండు సైన్యమునకు ఆది సేనాని, సౌత్‌లాండు గొర్రెల పొలములలో కంచెగుంజలు దిగగొట్టుచు పెరిగిన బలశాలిని, హస్తద్వయపాదద్వయప్రహారదక్ష, పంచచర్మవాద్యసామ్రాజ్యలక్ష్మి బ్రయర్. ఆమె డ్రమ్ముల వెనుక కూర్చుండి నాలుగు దెబ్బలు కొట్టినగాని పాట మొదలయ్యెడిది కాదు. మరి నాలుగు కొట్టినగాని ఆగెడిది కాదు. నడుమ గాయకుడగు ఫెర్గస్ గిటారు గలగలలాడెడిది. ఆ కాలమును అభిమానులు నేటికిని గలగలయుగమని తలచుకొని నిట్టూర్తురు.

కాని ఆ ద్వీపమున బ్యాండ్లకు మరణము లేదు, మెల్‌బోర్న్ కలదు. మొదట బేసు గిటారు వాయించువాడు సముద్రము దాటి మెల్‌బోర్న్ పోయెను. పాట వేగము తగ్గెను. పిదప రెండవ గిటారు పిల్ల పోయెను, గలగల తగ్గెను. ఆపై ట్రంపెట్టువాడొకడు చేరి, చేరిన వార్త పోస్టరుకెక్కకముందే తానును మెల్‌బోర్న్ పోయెను. ఒక్కొక్కరే పోగా మిగిలిన శబ్దమునకు ఫెర్గస్ ‘ఎదుగుదల’ అని పేరు పెట్టెను.

పిమ్మట కీబోర్డు చంకనిడుకొని ప్రూ వచ్చెను. ఆమెతో స్వప్నయుగము వచ్చెను. స్వప్నమునందు ఇత్తడి తాళములు మరీ మెరయుచున్నవని ఫెర్గస్ వానిని తీయించెను. పెద్ద డ్రమ్ము మరీ నిశ్చయముగా పలుకుచున్నదని దానిని గరాజునకు పంపెను. తుదకు అరచేతియంత డ్రమ్ మెషీన్ ఒకటి వచ్చి బ్రయర్ రాజ్యమునంతయు ఆక్రమించెను. ఆమెకు మిగిలినవి రెండే: చుట్టును గిలకలు కూర్చిన చేతి తప్పెటయగు టాంబరీన్ ఒకటి, ఒకప్పుడు డ్రమ్ముల వెనుక తాను కూర్చుండిన మూడుకాళ్ళ గుండ్రని పీట ఒకటి. ఆమె ఓర్చుకొనగలది, వాన వెలియువరకు గొర్రెతో పాటు నిలువగలది.

అట్టి బ్రయర్‌ను ఆనాడు వాద్యముల ధ్వని సరిచూచు సౌండ్ చెక్కునకు ముందు ఫెర్గస్ మెట్ల చాటునకు పిలిచెను. పల్చని గడ్డమువాడు, గుసగుసగానస్వామి, శబ్దవైరాగ్యధురంధరుడు నగు ఫెర్గస్ గొంతు సవరించుకొని ఇట్లనియె:

“బ్రయర్, తల్లీ, ఒక్క మాట. ఫీలవకు.”

“ఫీలవకు అన్నావంటే అవ్వాల్సిందేదో ఉందన్నమాట. చెప్పు.”

“కొత్త పాటలో టాంబరీన్ వద్దనుకుంటున్నాం.”

“అనుకుంటున్నారా, అనేసుకున్నారా?”

“అంటే, వ్యానులో ప్రూ, నేనూ మాట్లాడుకుంటుంటే... అదే సహజంగా వచ్చేసింది.”

“నేను దిగి పెట్రోలు కొట్టిస్తున్నప్పుడా?”

ఫెర్గస్ తన బూట్లను చూచుకొనెను. “మన సౌండు ఎదుగుతోంది బ్రయర్. మెషీన్ కూడా ఆపేశాం. నేను గిటారు పట్టుకుంటాను, అంతే, వాయించను. ఇప్పుడు పాటకి కావలసింది దెబ్బ కాదు. దెబ్బ పడని చోటు.”

“దెబ్బ పడని చోటు నేనెలా వాయించాలి గురూ?”

“అదే చెప్తున్నా. నువ్వు వెనక టీషర్టుల బల్ల దగ్గర కూర్చో. నువ్వు అక్కడున్నావని మాకు తెలుస్తుంది. ఆ తెలియడమే సౌండు.”

ఇట్లు పలికి ఆ మహానుభావుడు, ఒక రాజ్యమును సంపూర్ణముగా కూల్చిన తృప్తితో, టీ కొరకు పోయెను.

మెట్ల మీద కూర్చుండి సర్వమును వినిన తెవితా నోటిలోని బిస్కట్టు మింగెను. అతడు టోంగా సంతతివాడు, విశాలవక్షుడు, బేసు గిటారు వీరుడు. ఆనాటి మూడు బ్యాండ్లకును అతడే బేసు. ఒక్కొక్క బ్యాండునకు ఒక్కొక్క టోపీ పెట్టుకొనును.

“నన్నూ తీసేద్దామనుకున్నాడులే,” అనెను తెవితా. “కానీ నన్ను తీసేస్తే ఈ ఊళ్ళో సంగీతం మూతపడుద్ది.”

“నువ్వు కొత్త పాటలో ఏం వాయిస్తున్నావు?”

“ఒక్క స్వరం. పాటంతా అదే. దాని మీదే ముసలాణ్ణయిపోతానేమో.” పిదప అతడు గొంతు తగ్గించెను. “మరి ఆంటీ కిటికీ సంగతి?”

ఆ బాణము గురి తప్పలేదు.

ఆంటీ అనగా నైరీ ఆంటీ, ఆ హాలు వంటగదికి అధీశ్వరి. ఉల్లిపాయ కలిపిన చీజు రొట్టె ముక్కకు దట్టముగా పూసి, చాపవలె చుట్టి, నిప్పుల సెగను కాల్చి, పైన వెన్న రాసినచో చీజ్ రోల్ అగును. దక్షిణదేశమున దానికి మించిన ఐశ్వర్యము లేదు. ఆంటీ చేతి రోల్స్ వాయించినవారికి ముందు, ఉచితముగా. తక్కినవారు వరుసలో నిలువవలెను. వరుస సగము కదలకముందే పళ్ళెము ఖాళీయగును. ప్రతివానిని ఆమె అడుగు ప్రశ్న ఒక్కటే: నువ్వేం వాయించావు? పోయిన చలికాలమున ఒకడు వయొలిన్ పెట్టె చూపి చేయి చాపెను. “తెచ్చావు సరే బాబూ, వాయించావా?” అని ఆంటీ అడిగెను. వాడు మరల ఆ హాలు ముఖము చూడలేదు.

బ్రయర్‌కు ఆకలి లేదు. గలగలయుగము మొదలు నేటి వరకు ఆ ప్రశ్నకు ఆమె వద్ద ఎప్పుడును ఒక జవాబు ఉండెను: డ్రమ్ములు. సగం డ్రమ్ములు. ఒక డ్రమ్ము. టాంబరీన్. ఏటేటా చిక్కిపోయినను జవాబు జవాబే. ఈనాడు ఆ కిటికీ ముందు నోరు మెదపలేకపోయినచో తాను బ్యాండులో లేనట్లే. అది ఫెర్గస్ చెప్పనక్కరలేదు, ఊరంతయు చూచును.

ఆమె తన పీటను టీషర్టుల బల్ల వెనుక వేసికొని, సంచిలోని టాంబరీన్‌ను తడిమి, మనస్సున ఇట్లు ఘోషించెను: “ఓ కంచుగిలకల వలయమా, నా సామ్రాజ్యశేషమా! కోటలు పోయెను, ఏనుగులు పోయెను, పట్టపుగుఱ్ఱము ప్రూ వాళ్ళ గరాజున సాలెగూళ్ళ నడుమ నిద్రించుచున్నది. నీవొక్కతెవు నా సంచిలో మేలుకొనియున్నావు. కదలకుము. గిలకలాడకుము. మన ఘడియ వచ్చునో రాదో, ఓపిక పట్టుము.”

“మీడియం సైజుందా?” అని ఎవరో అడిగిరి.

“లేదండీ, చిన్నవే,” అనెను ఆ వీరనారి.

ఇక సౌండ్ చెక్కున ఒక అపశకునము పొడసూపెను. దానిని ఎవరును గుర్తింపరైరి. కొత్త పాట మొదలయ్యెను, సాగెను, ఆగలేదు. సౌండు బల్ల వద్దనున్నవాడు విసిగి మీట నొక్కగా ఆగెను. సాధనగదిలోనైతే ప్రక్కయింటివాడు గోడ మీద గుద్దగా ఆగెడిది. ఇన్నేండ్లుగా పాటలను ఆపుచు వచ్చినది బ్రయర్ అను సంగతి వారికెవ్వరికిని తట్టలేదు. ఆగిపోయిన పాటను గూర్చి ఎవరాలోచింతురు?

మొదటి బ్యాండు దిగెను. తెవితా ఎఱ్ఱ టోపీ తీసి నీలి టోపీ పెట్టెను. తడిసిన స్వెట్టర్లు రంగమెక్కిరి. ఫెర్గస్ మైకునొద్ద మంచును గూర్చి రెండు వాక్యములు గుసగుసలాడి, గిటారును పసిబిడ్డవలె పట్టుకొని వాయింపక నిలిచెను. ప్రూ ఒక మీట మీద ఒక వ్రేలు మోపెను. తెవితా తన ఒక్క స్వరమును పట్టుకొనెను. పిదప ముగ్గురును తమ సంప్రదాయానుసారముగా తలలు వంచి తమ తమ బూట్ల దర్శనమున లీనమైరి.

రసికులు తలలూపిరి. మరికొంతసేపు ఊపిరి. ఊపి ఊపి మెడలు నొచ్చినవారు మెల్లగా ఊపిరి. పాట సాగుచుండెను. ఇక ఆపుదామని ఒకరితో ఒకరు అనుట ఆ జాతి గాయకులలో మహాపరాధము. ఎదుటివాని అనుభూతిని మధ్యలో విరిచినట్లగును. కనుక ప్రూ ఆపునని ఫెర్గస్, ఫెర్గస్ ఆపునని ప్రూ, ఇద్దరిలో ఎవరాపినను సరేనని తెవితా వేచియుండిరి. తలయెత్తి చూడనందున ఒకరి అవస్థ ఒకరికి తెలియదు. సౌండు బల్ల మీట నొక్కవలసినవాడు పళ్ళెము ఖాళీయగునను భయమున ముందే పోయి వంటగది వరుసలో నిలిచెను. మూడవ బ్యాండు గోడకానుకొని గడియారము చూచుకొనుచుండెను. హీటరు ప్రక్కన పండుకొనిన కుక్క లేచి, తలుపు తీయుమని గోకి, బయటి చలిలోనికి స్వచ్ఛందముగా వెడలిపోయెను.

వంటగది కిటికీ నుండి ఆంటీ తల బయటికి వచ్చెను. “అయిందా?”

“ఇంకా లేదాంటీ,” అనిరి వరుసలోనివారు.

“రోల్స్ అంచులు మాడుతున్నాయర్రా. వాళ్ళు దిగితే కదా నేను ఇచ్చేది.”

ఆ ఆవిరి, ఆ వాసన రంగము వరకు ప్రాకెను. తెవితా ముక్కుపుటములు అదరెను. సంప్రదాయమును ఉల్లంఘించి అతడు తలయెత్తి, జనసముద్రము మీదుగా టీషర్టుల బల్ల వంక చూచెను. అట్టి దీనమైన చూపు వరదనీట చిక్కిన గొర్రెలయందు తప్ప బ్రయర్ ఎన్నడును చూడలేదు.

ఆమె తొందరపడలేదు. ఒక టీషర్టు మడిచెను. ఇంకొకటి మడిచెను. ఇట్లే వదలివేసినచో వసంతము వచ్చువరకు వారు అట్లే నిలిచియుందురని, ప్రూ వ్రేలికి నాచు పట్టునని, ఫెర్గస్ గడ్డమున పిచ్చుకలు గూడు కట్టునని తలచి ఒక్క క్షణము మధురముగా సుఖించెను. పిదప సంచిలో చేయి పెట్టెను.

“కొంచెం తప్పుకోండి. కొంచెం జరుగు బాబూ. టీ ఒలుకుద్ది చూసుకో,” అను యుద్ధనినాదములతో స్వెట్టర్ల వ్యూహమును చీల్చుకొని, వైర్ల చిక్కును దాటి, ఆమె రంగమెక్కెను. బూట్లయందే దృష్టి నిలిపిన ఫెర్గస్‌కు తన బూట్ల సరసన మరియొక జత కనబడెను. గొర్రెపెంటిక మరక ఎన్నటికినీ పోని బూట్లవి. అతడు తలయెత్తెను.

“ఏంటి?” అనెను పెదవులతోనే.

“ఆగట్లేదా?”

“ఆగుతుంది. దానంతటది...”

“సరే. నేను వెళ్ళనా అయితే?”

“వద్దు. ఉండు.”

“టాంబరీన్ కావాలని అడుగు.”

“ఇక్కడా? ఇప్పుడా?”

“నాకేం తొందర లేదు. వాయించుకోండి.”

“అడగవయ్యా ఫెర్గస్,” అనెను ప్రూ తల దించుకొనియే. “నా వేలు నాకు తెలియడం మానేసి చాలాసేపైంది.”

ఫెర్గస్ జనమును చూచెను, గోడకానుకొనిన మూడవ బ్యాండును చూచెను. “కావాలి,” అనెను.

“పాటలోనా, బ్యాండులోనా?”

“రెండింట్లోనూ. కొట్టు తల్లీ.”

అంతట బ్రయర్, గరాజున నిద్రించు పెద్ద డ్రమ్మును, మెరసిన నేరమునకు వెలివేయబడిన తాళములను, మెల్‌బోర్న్ పాలైన వీరులనందరిని ఒక్కమాటు స్మరించి, కంచెగుంజ దిగగొట్టు నాటి భుజబలమునంతయు కుడిచేతికి తెచ్చుకొని, టాంబరీన్‌ను తల మీదికెత్తి, తొడ మీద ఒక్కటంటే ఒక్క దెబ్బ వేసెను.

ఝల్లున మ్రోగెను. ప్రూ వ్రేలు లేచెను. బేసు ఆగెను. పాట చచ్చెను.

పిదప ఉన్నిచేతొడుగులు తొడిగిన చేతులన్నియు ఒక్కసారి చప్పట్లు కొట్టగా, పరుపులు దులిపినట్టి గంభీరధ్వని మిన్నుముట్టెను.

దిగుచు ఫెర్గస్ కన్నులు అరమోడ్చి ఇట్లనియె: “ఆ దెబ్బ చూశావా. అదే మన కొత్త సౌండు. చివర్లో ఒక్కటే. నేను మొదట్నుంచీ వెతుకుతున్నది అదే.”

“మొదట్లో కూడా ఒకటి కొడితే?”

“ఎక్కువైపోతుందేమో.”

“ఆలోచించు,” అనెను బ్రయర్.

కిటికీ తెరచుకొనెను. ఆవిరి నడుమ నైరీ ఆంటీ ముఖము ఉదయించెను. తెవితా “బేసు” అని చెప్పి రెండు రోల్స్ గ్రహించెను. ఏలయన అతడు అప్పటికి రెండు బ్యాండ్లు. ప్రూ “కీబోర్డు” అని వ్రేలు చూపగా ఆంటీ అయ్యో అని ఇచ్చెను. బ్రయర్ వంతు వచ్చెను.

“నువ్వేం వాయించావమ్మా?”

“ముగింపు వాయించాను ఆంటీ.”

ఆంటీ ఆమెను ఎగాదిగా చూచెను. “ఆ గోల ఆపింది నువ్వేనా?”

“నేనే.”

ఆంటీ పళ్ళెమంతయు వెదకి, మాడనిది ఒకటి ఏరి, దాని మీద మరల వెన్న రాసి ఇచ్చెను. వెనుకనున్న ఫెర్గస్ చేయి చాపెను.

“నువ్వేం వాయించావు బాబూ?”

“నేను పాడానండీ.”

“నాకేం వినపడలేదే.”

“గిటారు కూడా పట్టుకున్నాను.”

“పట్టుకున్నావు, చూశాను. వాయించావా?”

“అంటే, దెబ్బ పడని చోటు...”

“వరసలో నిలబడు నాయనా.”

వరుస తలుపు దాటి చలిలోనికి సాగియుండెను. కుక్క దాని చివరన ఉండెను. బ్రయర్ తన మూడుకాళ్ళ పీట మీద కూర్చుండి రోల్ కొరికెను; చీజు వేడిగా దారములు సాగెను. ఫెర్గస్ కదలక నిలిచి, ఆ దారముల వంక చూచుచుండెను. ఆమె మిగిలినదానిని సగముగా త్రుంచి పైకెత్తి పట్టుకొనెను.

“మొదట్లో ఒక దెబ్బ,” అనెను.

ఫెర్గస్ వరుసను చూచెను. రోల్‌ను చూచెను. “మెల్లగా కొడతావా?”

“కొట్టను.”

“సరే.”

ఇట్లు దక్షిణసముద్రతీరమున, శీతపవనసాక్షిగా, సౌత్‌లాండు బ్రయర్ సగము చీజ్ రోల్ వెచ్చించి పోయిన రాజ్యమున రెండు దెబ్బలు తిరిగి గెలిచెను. ఈ విజయము విన్నవారి పాటలు మొదలు కావలసిన చోట మొదలై, ఆగవలసిన చోట ఆగుగాక. వారి రోల్స్ మాడకుండుగాక.