పై అంతస్తుకి పిట్టగోడ

సోమవారం పొద్దున అల్లుడుగారు బూట్ల లేసులు కట్టుకుంటూ ఆ రోజు పనంతా మనసులో సర్దుకున్నారు. గదుల్లో మిగిలిపోయిన చేపల్ని పీకించాలి, పులులకి చారలు వేయించాలి, వేళకి భోజనం చేయాలి. మూడోది ఎలాగూ ఆగదు కనుక మొదటి రెండూ కూడా ఆగవని ఆయన ధైర్యం.

వినోదాల పార్కు పక్కనే ఉన్న ఆ హోటల్లో ఇన్నాళ్ళూ ఉన్నవి సముద్రం గదులు. గోడలనిండా అలలు, పడవ ఆకారంలో మంచాలు, బాత్రూము తలుపు మీద కళ్ళు తేలేసిన ఆక్టోపస్. చూసి చూసి జనానికి మొహం మొత్తింది. అందుకని పై అంతస్తు గదుల్ని అడవి గదులుగా మార్చాలని యజమాని నిర్ణయించి, ఆ పని తన చెల్లెలి భర్తకి అప్పగించారు. ఇంటి అల్లుడు కాబట్టి పార్కులో గేటు మనిషి దగ్గర్నుంచి అకౌంటెంటు దాకా అందరికీ ఆయన అల్లుడుగారే.

అంతకుముందు ఆయన చెరువులో తెడ్ల బోట్లు చూసుకునేవారు. టైమైపోయినా ఒడ్డుకి రాని బోట్ల మీద కేకలేయడమే ఉద్యోగం. ఎంత అరిచినా బోటులో ఉన్నవాళ్ళు నవ్వుతూ చెయ్యూపేవారు. అది చూడలేక ఆయన భార్య అన్నగారి దగ్గర పట్టుబట్టింది. "ఒక్క పని చేతికిచ్చి చూడన్నయ్యా. ఈయన చెడగొడితే నేనింక నోరెత్తను" అంది. ఇప్పుడు పని చెడితే మళ్ళీ బోట్లు తప్పవు. బోట్ల సంగతి ఎలా ఉన్నా, తన మూలంగా భార్య పుట్టింట్లో నోరు మూసుకోవాల్సి రావడం తలుచుకుంటేనే ఆయనకి గుండెల్లో రాయి పడుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. యజమాని అందరి మీదా ఇంతెత్తున లేస్తారు కానీ, అల్లుడుగారి ముందు మాత్రం వెన్నముద్ద అయిపోతారు. చెల్లెలి భర్తకి పని ఎలా చెప్తాం, తప్పు ఎలా పడతాం? ఎదురుపడితే "అంతా మీ ఇష్టం బావగారూ" అంటారు. ఈయన "అంతా మీ దయ బావగారూ" అంటారు. తర్వాత యజమాని చెల్లెలికి ఫోన్ చేసి అసలు చెప్పాల్సింది చెప్తారు. ఆవిడ పాపకి జడ వేస్తూనో కుక్కర్ దింపుతూనో విని, గుర్తున్నంత మేరకి భర్తకి చేరవేస్తుంది.

ఆ రోజూ అలాగే ఫోన్ వచ్చింది.

"ఏమండీ, శుక్రవారం తనిఖీకి వస్తున్నారట. కొత్త రూలు ప్రకారం పై అంతస్తు గదులకి పిట్టగోడ ఉండాలట. లేకపోతే తెరవడానికి ఒప్పుకోరట. అన్నయ్య గట్టిగా చెప్పమన్నాడు."

"పిట్టగోడేగా, ఎంత పని!" అన్నారు అల్లుడుగారు.

మామూలు రోజుల్లో ఆయనకీ ఆ మాటకి అర్థం తెలుసు. కానీ వారం రోజులుగా అక్కడ అందరూ మంచం వెనక గోడని పులిగోడ అనీ, బాత్రూము వైపు గోడని ఏనుగుగోడ అనీ పిలుస్తున్నారు. "పులిగోడకి రెండో కోటు అయిందా?", "ఏనుగుగోడలో స్విచ్చు తొండం కింద రావాలి" ఇవే మాటలు. ఆ వరసలో పిట్టగోడ అనగానే ఆయన కళ్ళముందు రెక్కలే కనబడ్డాయి. పెయింటర్‌కీ అంతే.

"పులి అయింది, ఏనుగయింది, ఇంక పిట్టలే తక్కువ. ఏ గోడ మీద వేద్దాం సార్?" అన్నాడు పెయింటర్.

ఖాళీగా మిగిలింది బాల్కనీ తలుపున్న గోడే. దాని మీదే వేయమన్నారు. ఎంత ఎత్తున వేయాలో కనుక్కుందామని భార్యకి ఫోన్ చేశారు. ఆవిడ అన్నకి చేసింది, మళ్ళీ భర్తకి చేసింది.

"నడుమెత్తుకి తగ్గకూడదట. గట్టిగా ఉండాలట. పిల్లలు ఎక్కి కూర్చున్నా ఊగకూడదట."

"ఎక్కి కూర్చుంటారా?"

"పిల్లలు కదండీ, ఎక్కక మానుతారా అన్నాడు."

అల్లుడుగారు తల పంకించారు. పిల్లలు ఎక్కాలంటే రంగు పిట్టలు పనికిరావు. పార్కులో బొమ్మలు పోసే మేస్త్రిని పిలిపించారు. నడుమెత్తు ఫైబర్ పిట్టలు పోసి, ఇనప చట్రానికి బోల్టులతో బిగించి, అడుగున సిమెంటు వేయాలని తేలింది. మేస్త్రి ఒకందుకు గొణిగాడు.

"నడుమెత్తు పిట్టంటే పిట్ట కాదండీ, దూడ."

"అడవి కదయ్యా, అక్కడ తిండికి లోటేముంది?" అన్నారు అల్లుడుగారు.

మంగళవారం ఇంకో సందేహం వచ్చింది. పిట్టకీ పిట్టకీ మధ్య ఎంత ఎడం వదలాలి? ఫోన్ వెళ్ళింది, జవాబు వచ్చింది. "అసలు సందే ఉండకూడదట. పిల్లల తల దూరితే ప్రమాదమట." పిట్టల్ని భుజం భుజం కలిపి నిలబెట్టారు. వరస తలుపు దాకా వచ్చి ఆగింది.

"మరి తలుపు ఉంది కదా సార్?" అన్నాడు మేస్త్రి.

"సందు ఉండకూడదన్నారు. తలుపుకన్నా పెద్ద సందు ఇంకేముంది?"

అన్ని గదుల్లోనూ తలుపుకి అడ్డంగా కూడా పిట్టల్ని బిగించి, పైన అద్దానికి ప్లైవుడ్ కొట్టించారు. పెయింటర్ దాని మీద ఆకులూ తీగెలూ ఎంత బాగా గీశాడంటే, బుధవారం తనే బాల్కనీలో మరిచిపోయిన బ్రష్షు కోసం వచ్చి, తలుపెక్కడో దొరక్క గోడంతా తడుముకున్నాడు.

గురువారం ఆఖరి సందేహం. "ముక్కులు లోపలికి రావాలా, బయటికి ఉండాలా?" అని అల్లుడుగారు అడిగించారు. ముక్కులంటే గోడ పై అంచులని యజమాని అనుకున్నారు. "ఎటున్నా సరే, వాడిగా ఉండకూడదు. గీసుకుంటారు. గుండ్రంగా తిప్పమను" అన్నారు. చెల్లెలితో "చూశావా, మీ ఆయన ఎంత లోతుగా ఆలోచిస్తున్నారో! నేనే ఇన్నాళ్ళూ తక్కువ అంచనా వేశాను" అని కూడా అన్నారు. ఆవిడ ఆ రోజంతా ఆనందంతో తేలిపోయింది. ఇక్కడ మేస్త్రి ఆకురాయి పట్టుకుని ఒక్కో ముక్కునీ బంతిలా అరగదీశాడు. పని అయ్యేసరికి పిట్టలన్నీ జలుబు చేసినట్టు తయారయ్యాయి.

శుక్రవారం తనిఖీ అధికారిణి టేపు పట్టుకుని వచ్చింది. నవ్వడం తన ఉద్యోగంలో భాగం కాదన్నట్టు ఉందావిడ. వెనక యజమాని, ఆయన వెనక గుమ్మంలో పెయింటర్, మేస్త్రి.

"పై అంతస్తు కదా, పిట్టగోడ చూపించండి" అంది ఆవిడ.

"ఇదిగోనండి" అని అల్లుడుగారు పెళ్ళికూతుర్ని చూపించినంత సంబరంగా చెయ్యి చాపారు. "నడుమెత్తు. సందన్నది లేదు. ముక్కులు గుండ్రం. బలం సంగతంటారా..." అంటూ బూట్లు విప్పి, మధ్యలో ఉన్న గుడ్లగూబ మీదికెక్కి నిలబడి, రెండు గెంతులు గెంతారు. గుడ్లగూబ కదల్లేదు.

యజమాని నోరు తెరిచారు. బయట మనిషి ముందు ఇంటి అల్లుణ్ణి ఏమనాలో తోచక మళ్ళీ మూసుకున్నారు.

"నేనడిగింది బాల్కనీ పిట్టగోడ. బాల్కనీ అంచున కట్టే గోడ" అంది ఆవిడ ఒక్కో మాటా విడదీసి.

గుడ్లగూబ మీద నిలబడే ఉన్న అల్లుడుగారికి అప్పుడు తట్టింది. నాలుగు రోజుల ఫోన్లూ చెవుల్లో గింగురుమన్నాయి. పిల్లలు ఎక్కడం, తల దూరడం, గీసుకోవడం... ఎక్కినంత హుషారుగా దిగలేక పక్కనున్న కొంగ మెడ పట్టుకుని జారారు. భార్య మొహం గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

"బాల్కనీకి దారెటు?" అంది అధికారిణి.

"లేదండి" అన్నారాయన నీరసంగా. "మూసేశాం."

ఆవిడ ప్లైవుడ్ మీద కొట్టి చూసింది. పిట్టల్ని లాగి చూసింది, తన్ని కూడా చూసింది. తర్వాత గదులన్నీ తిరిగింది. ఎక్కడా పిల్లాడు కాదు కదా, పిల్లి కూడా బాల్కనీలోకి పోయే వీలు లేదు.

"మనిషి వెళ్ళలేని చోటికి పిట్టగోడ అవసరం లేదు" అని సంతకం పెట్టింది. వెళ్తూ వెళ్తూ యజమానితో "ఇంతమంది గోడలు కట్టడం చూశాను. పడే చోటునే తీసేసినవాళ్ళని ఇప్పుడే చూడటం. ఈ ఆలోచన ఎవరిదండీ?" అంది.

"మా బావగారిదేనండీ" అన్నారు యజమాని. గొంతులో గర్వం ఎంతో, భయం ఎంతో ఆయనకే తెలియలేదు.

అందరూ వెళ్ళాక ఆయన అల్లుడుగారి భుజం మీద చెయ్యి వేశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మధ్యవర్తి లేకుండా పని సంగతి మాట్లాడటం అదే మొదలు. "బావగారూ, ఇక మీకు ఏం చెప్పినా నేనే నేరుగా చెప్తాను. మీరు మాత్రం ఈ నాలుగు గోడల మధ్యా ఉండాల్సిన మనిషి కాదు. మీ స్థాయికి గాలీ వెలుతురూ ఉండాలి. నీళ్ళుండాలి. తలెత్తితే ఆకాశం కనపడాలి. సోమవారం నుంచి అలాగే ఏర్పాటు చేస్తున్నాను" అన్నారు.

అల్లుడుగారికి కాళ్ళు నేల మీద ఆగలేదు. పార్కు మొత్తం తన చేతికి వచ్చేసినట్టే. ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక భార్యకి ఫోన్ చేసి, ఒక్క మాట కూడా పొల్లుపోకుండా అప్పజెప్పారు. "మీ అన్నయ్య నేరుగా నాతోనే చెప్పారోయ్! గాలీ, నీళ్ళూ, ఆకాశం!"

అన్నయ్య మాటలు భర్తకి విడమరిచి చెప్పడం ఆవిడకి అలవాటైన పనే.

"బోట్లండీ" అంది.