తొంభై ఎనిమిది సెంటీమీటర్ల మంచు

మంచు ఆకాశానికి ఇష్టం వచ్చినట్టు కురిసేది కాదు. మేఘంలోని ఆవిరి స్ఫటికం కావాలంటే పట్టుకోవడానికి ఒక ధూళి రేణువైనా ఉండాలి. అంటే, ఆధారం లేనిదే పైవాళ్లు కూడా పని చెయ్యరన్నమాట. ఉత్తర జపాన్‌లోని ఒనోమి పట్టణ కార్యాలయం ఈ ప్రకృతి సూత్రాన్నే ఆదర్శంగా తీసుకుంది.

అక్కడ మంచు నూరు సెంటీమీటర్లు దాటితే, ఒంటరి వృద్ధుల ఇళ్ల కప్పుల మీది మంచును కార్యాలయమే మనుషుల్ని పంపి తీయిస్తుంది. కొలత మాత్రం కార్యాలయం పెరట్లో పాతిన కర్ర దగ్గర, సరిగ్గా ఉదయం తొమ్మిదికి. (కురిసిన మంచు తన బరువుకు తానే అణిగిపోతుంది. తొమ్మిదిలోపు అణిగిన దానికి కార్యాలయం బాధ్యత వహించదు.)

డెబ్బై తొమ్మిదేళ్ల హత్సుయే ఇంటి దూలాలు మూడు రోజులుగా కిర్రుమంటున్నాయి. భర్త పోయాక కప్పెక్కి పార పట్టే దిక్కు లేదు. నాలుగో రోజు ఆవిడ పడుతూ లేస్తూ కొండ దిగి వచ్చి, హిమ విభాగం గుమాస్తా సుగవర ఎదుట కూర్చుంది.

"ఇవాళ తొంభై ఎనిమిదే, బామ్మగారూ," అన్నాడు సుగవర విచారంగా.

"మా ఇంటి దగ్గర నా నెత్తి దాటింది, నాయనా."

"అది అనధికార మంచు. పైగా మీరు కాస్త పొట్టి."

"నా పొడుగు సంగతి నీకెందుకులే. ఇంకో నలభై పడుతుందని రేడియోలో చెప్పారు, విన్లేదా?"

"అది అంచనా అండీ. అంచనాని పారతో ఎత్తలేం కదా. పడ్డాక రండి."

"పడ్డాక నేనే రాగలిగితే నీతో పనేముంది నాకు?"

సుగవర ఈ ప్రశ్నను శ్రద్ధగా రాసుకున్నాడు. (ప్రశ్నలకు వేరే ఫారం ఉంది.) హత్సుయేకి భయమూ ఒళ్లుమంటా ఒక్కసారే వచ్చాయి. ఈలోగా మంచుకు కొండదారి మూసుకుపోవడంతో ఆ రాత్రి ఆవిడ కార్యాలయం బెంచీ మీదే ఉండిపోయింది.

మర్నాడు తొమ్మిదికి నూట ముప్పై ఒకటి. సుగవర సొంతింట్లో పెళ్లి జరుగుతున్నంత సంతోషంగా ఆజ్ఞాపత్రం ఇచ్చి, పారలతో ఆరుగురిని ఆవిడ వెంట పంపాడు.

దారి తవ్వుకుంటూ వెళ్లేసరికి కప్పు కూలి పొయ్యి మీద కూర్చుని ఉంది. ఆ ఆరుగురి మేస్త్రీ నిజాయితీపరుడు. చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఫారం నింపాడు. కప్పు మీద మంచు: లేదు. పని: పూర్తయింది.

"ఇక్కడ సంతకానికి బదులు మీ పేరు ముద్ర వెయ్యండి, బామ్మగారూ."

"ముద్ర లోపలుంది," అంది హత్సుయే, ఇల్లుండిన చోటు చూపిస్తూ.

మేస్త్రీ పార భుజాన వేసుకున్నాడు.

"తవ్వి తెచ్చుకోండి, ఇక్కడే ఉంటాం. కింద పడ్డ మంచు వేరే విభాగం."