తల ఊపాల్సిన రోజు

ఆ రోజు లెఫ్టినెంట్ గవర్నర్ విన్నిఫ్రెడ్ గిల్లిస్ గారికి ఉన్న ముఖ్యమైన పని ఒక్కటే: మధ్యాహ్నం శాసనసభకు వెళ్లి తల ఊపడం. సభ గుమాస్తా బిల్లు పేరు చదువుతాడు, రాజుగారి తరఫున ఆవిడ తల ఊపుతుంది, బిల్లు చట్టమవుతుంది. బిల్లు మంచిదో చెడ్డదో ఆవిడ పెదవి విప్పి చెప్పకూడదు. పదవి కొండంత, స్వేచ్ఛ గోరంత.

ఈసారి బిల్లు మాత్రం ఆవిడ పుట్టిన లాగీ దీవికి చలికాలంలో కూడా పడవ నడపడానికి. కిందటేడు మంచు రోజుల్లో ఆవిడ అక్క డోరా తుంటి విరిగి, ఆసుపత్రికి పడవ లేక మంచం మీదే మూలిగింది పాపం. సమావేశాలు ఈ రోజుతో ఆఖరు. ఆమోదం పడకపోతే బిల్లు నీళ్లలో కలిసినట్టే.

అందుకే పొద్దున్నే అద్దం ముందు నిలబడి సాధన మొదలుపెట్టింది. గట్టిగా ఊపితే పక్షపాతం అంటారు, మెల్లగా ఊపితే అయిష్టం అంటారు. అటూ ఇటూ కాకుండా ఊపబోతే మెడ కటుక్కుమంది.

"ఆంగస్! మెడ పట్టేసింది!"

"పట్టదా మరి? ఒక్కసారి ఊపే తలకి ఇన్ని రిహార్సల్సా!" అంటూ మొగుడు మందు రాశాడు. ఘాటు ఇల్లంతా కమ్మింది గానీ, గడ్డం పైకెత్తిన తల ఎత్తినట్టే ఉండిపోయింది.

ఒప్పుకున్న మాట ప్రకారం వృద్ధాశ్రమంలో టీకి అలాగే వెళ్లింది. గుమ్మంలో రేడియో విలేకరి అడ్డుపడ్డాడు.

"అమ్మగారూ, పడవ బిల్లు మీద మీ మాట?"

"బిల్లుల గురించి నేను మాట్లాడకూడదు బాబూ," అంది పైకప్పుకేసి చూస్తూ.

అరగంటలో వార్త ఊరంతా పాకింది: పడవ బిల్లు మాటెత్తితే గవర్నరమ్మ ముఖం తిప్పుకుంది! బిల్లు పెట్టిన ప్రభుత్వాధినేత ప్రీమియర్ గారు ఆవిడ అంగరక్షకుడు కెప్టెన్ బూడ్రోకి ఫోన్ చేశారు.

"ఆవిడకి మా మీద కోపం ఎందుకయ్యా?"

"కోపం కాదండీ, మెడ నొప్పి."

"ఇలాంటి సాకులు మేం రోజూ చెబుతాం, మాకే చెబుతావా!"

బిల్లంటే గిట్టని ప్రతిపక్షం వాళ్లు మాత్రం కొత్త టైలు కట్టుకుని సభకు వచ్చారు. లాగీ వాళ్లు నినాదాల అట్టలు పట్టుకుని శాసనసభ మెట్ల మీద బారులు తీరారు. ముందు వరుసలో చేతికర్రతో డోరా నిలబడింది.

"ఏమే విన్నీ! నా ముఖం కూడా చూడవా? చిన్నప్పుడు నీకు జడలు వేసింది నేను కాదుటే?"

చూద్దామంటే మెడ వంగలేదు. ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది.

సభలో గుమాస్తా బిల్లు పేరు చదివి, తలెత్తి చూశాడు. ఆవిడ తల వంచబోయింది. నొప్పికి అది కిందికి రాక, పక్కకు తిరిగింది.

"వద్దంటున్నారు!" అని ప్రతిపక్షం బల్లలు చరిచింది. ప్రీమియర్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. పైన సందర్శకుల వరుసలోంచి డోరా వెక్కిళ్లు వినిపించాయి.

మెడ రాకపోతే మానె, మెడ కింద ఇంకా మనిషి ఉంది కదా అనుకుంది విన్నిఫ్రెడ్. సింహాసనం మీంచి లేచి, నడుము దగ్గర రెండుగా వంగింది. టోపీ జారి గుమాస్తా కాగితాల మీద పడింది. ఆయన టోపీని పక్కన పెట్టి, తల కిందికి వచ్చిందని నిర్ధారించుకుని, "రాజుగారి పేరిట ఆమోదం!" అని ప్రకటించాడు. లాగీ వాళ్ల కేకలకు కిటికీలు అదిరాయి.

పడవ చలికాలమంతా నడిచింది. డోరా అందులోనే వచ్చి చెల్లెలికి చేపల పులుసు పెట్టి, తిట్టినందుకు కళ్లనీళ్లు పెట్టుకుంది.

వసంతకాలపు సమావేశాలకు మెడ నయమై వెళితే, అధికార పక్షం, ప్రతిపక్షం ఏకమై నిలదీశాయి.

"పడవకి నడుమూ, మా బిల్లులకి ఒట్టి తలకాయా? ఇది పక్షపాతం కాదా?"

గవర్నరు పక్షపాతం చూపకూడదు గనక, ఆ రోజు ప్రతి బిల్లుకూ నడుము వంచింది.

ఇప్పుడు ఆవిడ మెడ భేషుగ్గా ఉంది. ఆంగస్ మందు నడుముకు రాస్తున్నాడు.