అమెరికా ఎమ్మెల్యేకు నాలుగు బండ్ల స్వాగతం

ఆ శుక్రవారం ఖమరుద్దీన్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. పది గంటలకు ఎయిర్‌పోర్టుకు వెళ్ళాలి, మరదలు అరీబాను ఎక్కించుకుని, గల్ఫ్‌లో తాముండే సీబ్‌లోని ఇంటికి తేవాలి, భార్య అజీజా వండిన బిర్యానీ తినాలి. అతను కంపెనీ మేనేజర్ జావెద్‌కు డ్రైవరు. ఒక బండికి సార్ పర్మిషన్ కూడా తీసుకున్నాడు.

పొరపాటు ముందురోజే జరిగింది. లేబర్ క్యాంపులో చాయ్ తాగుతూ, "మా మరదలు అమెరికాల ఎమ్మెల్యే" అనేశాడు. అతనికి తెలిసినంతలో అబద్ధమేమీ కాదు. పెళ్ళై అక్కడికి వెళ్ళిన అరీబా ఒక చిన్న రాష్ట్రం అసెంబ్లీకి మూడుసార్లు గెలిచింది.

తాపీమేస్త్రి భూమయ్య చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. ఊళ్ళో అతని భార్య రజితకు కాన్పు ఇక తొమ్మిది రోజులే. లీవ్ కాగితం రాసి సార్‌కు ఇవ్వమని ఖమరుద్దీన్ చేతికిచ్చి మూడు వారాలైంది. "సార్ చూస్తున్నడు" అన్న జవాబే తప్ప సంతకం రాలేదు.

"భాయ్, మేడమ్‌తోని ఒక్క లెటర్ రాయించియ్యి. మా దిక్కు ఎమ్మెల్యే లెటర్ ఉంటే తిరుపతిల దర్శనమే అయితది. లీవ్ గాదా?"

"చూద్దాం" అన్నాడు ఖమరుద్దీన్.

చూద్దామంటే అయిపోయినట్టేనని క్యాంపంతా తీర్మానించుకుంది.

శుక్రవారం పొద్దున క్యాంపు గేటు దగ్గర అతని కారు వెనక మూడు కంపెనీ పికప్‌లు కడిగి, తుడిచి వరసగా నిలబెట్టి ఉన్నాయి. ముందున్న పికప్‌కు ఎలక్ట్రీషియన్ గణపతి ఫ్లెక్సీ కడుతున్నాడు.

"ఇదేంది గణపతీ!"

"ఎమ్మెల్యే ఒక్క బండిల వస్తదా భాయ్? ఇజ్జత్ పోదూ?"

ఫ్లెక్సీ మధ్యలో అరీబా. కింద చిన్న చిన్న గుండ్రాల్లో భూమయ్య, గణపతి, క్యాంపు వంటవాడు. పైన, అరీబా కంటే పెద్దగా, జావెద్ సార్.

"సార్ ఫొటో ఎందుకురా?"

"పెద్దమనిషి ఫొటో లేకుంటే ఫీలైతడు గదా!"

ఫ్లెక్సీ పీకించే టైము లేదు. విమానం అప్పటికే దిగింది.

నాలుగు బండ్లూ లైట్లు మిణుకుమిణుకుమంటూ ఎయిర్‌పోర్టు చేరాయి. ట్రాఫిక్ పోలీసు ఫ్లెక్సీని ఒకసారి, వీళ్ళను ఒకసారి చూసి, పార్కింగ్ వైపు చెయ్యి చూపించాడు. బండ్లు అక్కడ వదిలి అందరూ తలుపు దగ్గరికి పరిగెత్తారు. భూమయ్య దండ పట్టుకుని గన్‌మెన్ కోసం మెడ సాచి చూస్తున్నాడు. వీపున బ్యాగు, చేతిలో ట్రాలీతో ఒక బక్కపలచని మనిషి అడ్డొచ్చింది.

"జర పక్కకు జరుగమ్మా, మేడమ్ వస్తున్నది."

"దుల్హేభాయ్, ఎవరు వీళ్ళంతా?" అంది ఆమె తన బావ ఖమరుద్దీన్‌తో.

భూమయ్య దండను వీపు వెనక దాచుకుని తనే పక్కకు జరిగాడు. పార్కింగ్ దాకా ట్రాలీ ఆమే తోసుకొచ్చింది. గణపతి ఆమె వెనక్కి తొంగి చూశాడు.

"గన్‌మెన్లు ఏరి మేడమ్? పీఏ?"

"ఎవరూ ఉండరు. ఫోన్ ఎత్తేది నేనే, కారు నడిపేది నేనే. అసెంబ్లీ ఏడాదికి మూడు నెలలే. మిగతా రోజులు మందుల షాపులో డ్యూటీ."

"ఎమ్మెల్యే అయ్యి డ్యూటీ చేసుడా!"

"అదీ పాతమాటే. నవంబర్‌లో ఓడిపోయాను. తొమ్మిది ఓట్లు."

భూమయ్య ఆమె ట్రాలీ మీదే కూలబడ్డాడు. "తొమ్మిదా? మా వాడకట్టుల ఒక్క ఇంట్లనే ఉంటయి గదమ్మా!"

అప్పుడే ఓ టాక్సీ ఆగింది. మూడు పికప్‌లు ఎయిర్‌పోర్టు వైపు పోయాయని వాచ్‌మన్ ఫోన్ చేస్తే వెతుక్కుంటూ వచ్చిన జావెద్ అందులోంచి దిగాడు. దిగుతూనే ఫ్లెక్సీ మీద తన మొహం చూసి కొయ్యబారిపోయాడు.

"నేనేమన్న సచ్చిపోయిన్నా? ఇంత పెద్ద ఫొటో కట్టిన్రు?"

నలుగురి ఉద్యోగాలూ ఆ ఫ్లెక్సీకి వేలాడుతున్నాయి. అరీబా మెల్లగా భూమయ్యను అడిగి సంగతంతా తెలుసుకుంది.

"ఈ సార్‌ని అడిగారా?"

"సీదా ఎట్ల అడుగుతం మేడమ్!"

"ఏం లీవ్?" అన్నాడు జావెద్. "నా దగ్గరికి ఏ కాగితం రాలే."

అందరి కళ్ళూ ఖమరుద్దీన్ మీద పడ్డాయి. అతను ఉరికంబం వైపు నడిచినట్టు కారు దగ్గరికి వెళ్ళి, డ్యాష్‌బోర్డు అరలో టిష్యూ డబ్బా కింది నుంచి నాలుగు మడతల కాగితం తీశాడు.

"మూడ్ మంచిగున్న రోజు చూసి ఇద్దామని సార్..."

"మూడు వారాల్ల నా మూడ్ ఒక్కరోజు గూడ మంచిగ లేదా?"

"ఈ రోజు కూడా లేదు సార్" అన్నాడు ఖమరుద్దీన్ నిజాయితీగా.

జావెద్ ఆ కాగితాన్ని కారు బానెట్ మీదే పెట్టి సంతకం గీకేశాడు. "ఆదివారం ఫ్లైట్‌కు పో. నేను మనసు మార్చుకునే లోపల ఆ ఫ్లెక్సీ దించున్రి."

భూమయ్యకు దండ ఎవరికి వెయ్యాలో తోచలేదు. చివరికి అరీబా మెడలో వేశాడు. "ఓడినా గూడ పని చేసిపెట్టినవు తల్లీ!"

"నేనేం చేశాను? మూడుసార్లు గెలిచిందీ తలుపు తలుపు కొట్టి అడిగే. నాలుగోసారి కొన్ని తలుపులు వదిలేశాను."

ఆదివారం భూమయ్య వెళ్ళిపోయాడు. మరుసటి శుక్రవారానికల్లా క్యాంపులో పదకొండు మంది జావెద్ సార్‌ను నేరుగా లీవ్ అడగడానికి సిద్ధమయ్యారు. అలా అడగవచ్చని అరీబా మేడమ్ ఒక లెటర్ రాసిస్తే చాలు.