పన్నెండు జీబీల కిడ్నీ

ఆ రోజు ఉదయం ఆ ఇంట్లో పని ఒక్కటే. పెద్దాయన పొట్ట స్కానింగ్ బొమ్మలు, మొత్తం పన్నెండు జీబీలు, పెన్‌డ్రైవ్‌లోంచి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, అన్నిటినీ ఒకే మూటగా కట్టి, సాయంత్రం అయిదింటిలోపు వేరే ఊళ్ళో ఉన్న పెద్ద డాక్టరుకి పంపాలి. కాఫీ చల్లారేలోపు అయిపోతుందని కొడుకు అన్నాడు. అతను బడిలో టైమ్‌టేబుల్ వేసే గుమాస్తా. ఏ పనికి ఎంతసేపు పడుతుందో తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని అతని నమ్మకం.

పని చిన్నదే గానీ విషయం చిన్నది కాదు. పెద్దాయన ఎడమ కిడ్నీలో నిమ్మకాయంత గడ్డ ఉందని, కిడ్నీతో సహా తీసేయాలని ఇక్కడి డాక్టరు తేల్చేశాడు. ఎల్లుండి ఉదయం ఎనిమిదింటికి ఆపరేషన్. పెద్దాయన నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. ఆ నలభై ఏళ్ళలో ఒక్క చక్రం కూడా పారేసి ఎరగడు. పళ్ళు ఊడినవాటిని సైతం డబ్బాల్లో దాచాడు. "తీసి పారేయడానికి నువ్వెందుకయ్యా, ఎవడైనా చేస్తాడు," అని డాక్టరు మొహం మీదే అనేశాడు. కొడుకు రెండు రోజులు బతిమాలితే ఒక్క మాటకి ఒప్పుకున్నాడు. పెద్ద డాక్టరు కూడా బొమ్మలు చూసి తీసేయమంటే తీయించుకుంటాడు. ఆయన చూడకపోతే చావనైనా చస్తాడు గానీ ఆపరేషన్ బల్ల మాత్రం ఎక్కడు. ఆ పెద్ద డాక్టరేమో అయిదింటికి విమానం ఎక్కుతున్నాడు, మళ్ళీ నెల దాకా దొరకడు.

ల్యాప్‌టాప్ బుద్ధిగా కాపీ మొదలుపెట్టింది. తెర మీద పచ్చ గీత ఇంచుమించు చివరిదాకా పాకింది. కాఫీ గ్లాసులు తీయడానికి వచ్చిన కోడలు అది చూసి, "హమ్మయ్య, ఎక్కేసింది," అనుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. ఆమె అటు తిరిగిందో లేదో గీత ఆగిపోయి, చోటు చాలదన్న కబురు వచ్చింది.

"చోటు చాలట్లేదు!" అని కొడుకు ఇక్కణ్ణించి అరిచాడు.

మూట కట్టడానికి చాలట్లేదు కాబోలని ఆమె అనుకుంది. "ఏదైనా తీసేయండి. మీ అత్త కూతురి పెళ్ళి ఫొటోలు నాలుగు వేలున్నాయి. ఆవిడ విడాకులు తీసుకుని మూడేళ్ళయింది," అంది.

"ఆ విడాకుల కాగితాలు కూడా ఇందులోనే ఉన్నాయి."

"అయితే రెండూ తీసేయండి."

ఆ ఇంట్లో 'తీసేయడం' అన్న మాట గట్టిగా అనకూడదు. మంచం మీంచి పెద్దాయన లేచి కూర్చున్నాడు. "తీసేయమని అక్కడ డాక్టరు, ఇక్కడ నువ్వు. ఏం అమ్మాయ్, ఈ ఇంట్లో ఇంకేమైనా మిగలనిస్తారా?" అన్నాడు. వారం రోజులుగా ఆ ఇంట్లో ఎవరు ఏ మాట మొదలుపెట్టినా ఆ కిడ్నీ దగ్గరికే చేరుతోంది.

కొడుకు ల్యాప్‌టాప్ కాగితాలు తిరగేస్తే, లోపల ఇంకో స్టోరేజి పెట్టుకోవడానికి ఒక అర ఖాళీగా ఉందని తెలిసింది. ఏదీ తీయకుండా చోటు పెంచుకోవచ్చు. పెద్దాయన మొహం వారంలో మొదటిసారి వెలిగింది. "జత కలిసేది తీసుకురా. అదే కంపెనీ, అదే సైజు," అని పురమాయించాడు. కొడుకు గంటలో తెచ్చాడు. చూయింగ్ గమ్ బిళ్ళంత ఉంది.

ల్యాప్‌టాప్ విప్పే పని పెద్దాయన తనదేనన్నాడు. కంటికి భూతద్దం బిగించుకుని, సన్న స్క్రూడ్రైవర్లు వరసగా పేర్చుకుని కూర్చున్నాడు. అటువంటి చేతులున్న మనిషి ఎల్లుండి బల్ల మీద పడుకోవాలా అని కొడుక్కి ఏడుపొచ్చినంత పనైంది. అందుకే ఏమీ అడ్డు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

పెద్దాయన పాత బిళ్ళను కూడా బయటికి లాగి, రెండింటినీ గుడ్డ మీద పెట్టి శుభ్రం చేశాడు. రెండింటి మీదా కాగితపు చీటీలు అంటించి ఉన్నాయి.

"యంత్రం లోపల కాగితమేంట్రా? ఊడి చక్రాల్లో పడితే?"

"ఇందులో చక్రాలు ఉండవు నాన్నా."

"నువ్వు చూశావా?"

కొడుకు చూడలేదు. చీటీలు రెండూ ఊడొచ్చాయి. పెద్దాయన కొత్తదాన్ని ఇన్నాళ్ళూ పాతది ఉన్న ముందు అరలోను, పాతదాన్ని ఖాళీగా ఉన్న వెనక అరలోను బిగించాడు. కొత్త భాగానికి బరువు పని ఇచ్చి పాతదానికి తేలిక పని ఇవ్వాలన్నది ఆయన దుకాణంలో పద్ధతి. అన్ని స్క్రూలూ ఎక్కడివక్కడ కూర్చున్నాయి, ఒక్కటి కూడా మిగల్లేదు. ఆ మాట ఆయన మూడుసార్లు చెప్పాడు.

మీట నొక్కితే నల్లటి తెర మీద తెల్లటి చుక్క ఒకటి మిణుకుమిణుకుమంది. అంతకుమించి ఏమీ రాలేదు. టైము ఒంటిగంట. పెద్ద డాక్టరు సహాయకుణ్ణి అయిదు నిమిషాలైనా ఆగమని అడుగుదామని కొడుకు ఫోన్ పట్టుకున్నాడు. అవతల సంగీతం వినిపిస్తూ లైనులో ఉండమన్నారు. ఫోన్ పెట్టేస్తే మళ్ళీ దొరకదు. దాంతో ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వీధి చివర మెకానిక్ దగ్గరికి కోడలు పరుగెత్తింది. ఉదయం గుచ్చిన పెన్‌డ్రైవ్ దాని పక్కన అలాగే వేలాడుతోంది.

"సిస్టమ్ దొరకట్లేదు. మళ్ళీ వేయాలి," అన్నాడు మెకానిక్. "కొత్తదాంట్లో వేస్తాను, పాతదాంట్లోవి అలాగే ఉంటాయి. వేయడానికి ఒక పెన్‌డ్రైవ్ కావాలి. ఇది వాడుకోవచ్చా? దీంట్లో ఉన్నవి మాత్రం పోతాయమ్మా."

పచ్చ గీతను ఆమె తన కళ్ళతో చూసింది కదా. "వాడుకోండి. అందులోవి పొద్దున్నే లోపలికి ఎక్కించేశారు," అంది నిశ్చింతగా.

మెకానిక్ పెన్‌డ్రైవ్ తుడిచేసి అందులోకి సిస్టమ్ ఎక్కించుకున్నాడు. లోపల రెండు బిళ్ళలు కవలపిల్లల్లా కనిపించాయి. చీటీలు లేవు. "ఇందులో కొత్తది ఏది?"

"నాకేం తెలుసండీ? మా మావయ్యగారు రెండూ తుడిచి పెట్టారు."

"కొత్తది ఎవరైనా వెనక అరలోనే పెడతార్లెండి," అని మెకానిక్ మీట నొక్కేశాడు. రోజుకి పది ల్యాప్‌టాప్‌లు చూస్తాడు. అందరూ వెనక అరలోనే పెట్టారు, ఒక్క పెద్దాయన తప్ప.

మూడింటికి ల్యాప్‌టాప్ ఇల్లు చేరింది. చక్కగా వెలిగింది. కావలసినంత చోటు. అత్త కూతురి పెళ్ళి లేదు, విడాకులు లేవు, తొమ్మిదేళ్ళ టైమ్‌టేబుళ్ళు లేవు, కిడ్నీ అసలే లేదు. కొడుకు చెవి దగ్గర ఫోన్‌లో సంగీతం ఇంకా మోగుతూనే ఉంది. జరిగింది అర్థమయ్యాక కోడలు అక్కడే నేల మీద కూలబడింది.

"మావయ్యగారూ, నా వల్లే... నేనే చేతులారా..." అని ఏడ్చేసింది.

ఊడబీకిన చీటీలు రెండూ పెద్దాయన జేబులోనే ఉన్నాయి, వాటిని తీసి చూసుకున్నాడు. "ఏడవకమ్మా. చీటీలు పీకిన చెయ్యి నాది," అన్నాడు. ఆ తర్వాత మంచం వైపు నడిచాడు. ఆ నడక చూస్తే కొడుక్కి భయమేసింది. ఇక అయిదు దాటితే ఈయన ఆ మంచం దిగడు.

"నాన్నా, చెప్పులేసుకో. స్కానింగ్ వాళ్ళ దగ్గర ఇంకో కాపీ ఉంటుంది."

ముగ్గురూ ఆటోలో పడ్డారు. స్కానింగ్ సెంటర్‌లో గుమాస్తా నింపాదిగా ఫైలు తెరిచి, ముందు సరిచూసుకోమని బొమ్మ తెర మీద పెట్టాడు. వెన్నెముక, పక్కటెముకలు, ఎడమవైపు తెల్లగా ఆ గడ్డ. కోడలు మొహం తిప్పుకుంది. పెద్దాయన మాత్రం జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకుని తెర మీదికి వంగాడు. కిందిదాకా చూశాడు. మళ్ళీ పైనుంచి చూశాడు.

"నా మేకు ఏదయ్యా?"

"ఏం మేకండీ?"

"నిచ్చెన మీంచి పడితే తుంటిలో జానెడు స్టీలు మేకు కొట్టారు. ఎముక అతుక్కున్నాక తీసేస్తామన్నారు, నేను తీయనివ్వలేదు. నీ బొమ్మలో లేదేం?"

గుమాస్తా బొమ్మను అటూ ఇటూ తిప్పాడు. మేకు లేదు. అదే రోజు తీసిన మిగతా ఫైళ్ళు ఒక్కొక్కటే తెరిచాడు. మూడోదాంట్లో తుంటి దగ్గర మేకు తళతళా మెరిసింది. దాని పైన రెండు కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి.

"ఆ రోజు టోకెన్ మార్చుకున్నారా పెద్దాయనా?" అన్నాడు గుమాస్తా, గొంతు తగ్గించి.

పెద్దాయన భూతద్దం దించాడు. "పక్కన ఒకాయన కూర్చున్నాడు. బస్సు వెళ్ళిపోతోందని కంగారు పడుతున్నాడు. నాది ముందు నంబరు. నాకు తొందరేముందని నాది ఆయనకిచ్చి ఆయనది నేను తీసుకున్నాను."

కోడలు మామగారి చెయ్యి పట్టుకుని మళ్ళీ ఏడ్చింది, ఈసారి నవ్వుతూ. కొడుకు ఫోన్‌లో ఇంకా వినిపిస్తున్న సంగీతాన్ని కట్టేశాడు. వారం రోజుల బరువు ముగ్గురికీ దిగిపోయింది. ఇంటికి వెళ్దామని కొడుకు లేచాడు గానీ పెద్దాయన లేవలేదు.

"ఆయనకి ఏం చెప్పారు?"

"ఎవరికండీ?"

"బస్సాయనకి."

గుమాస్తా తల దించుకున్నాడు. "ఒంట్లో జబ్బేమీ లేదు, హాయిగా ఇంటికెళ్ళమన్నాం."

గుమాస్తా నంబరు వెతికి ఫోన్ కలిపాడు. అవతల 'హలో' అన్నారు. పెద్దాయన చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు. "బాబూ, ఆ రోజు నీకు టోకెన్ ఇచ్చినవాణ్ణి," అని మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. అవతల మనిషి ఏదో అడిగాడు. పెద్దాయన కళ్ళు తుడుచుకుని, "తీయించేసుకో నాయనా. ఆలస్యం చేయకు. నేను తోడు వస్తాను," అన్నాడు.

ఆపరేషన్ అనుకున్న రోజునే, అనుకున్న ఎనిమిది గంటలకే జరిగింది. మనిషి ఒక్కడే మారాడు.